లాసన్స్‌బే నుంచి రుషికొండ దాకా: సముద్రం పక్కన కుక్కల్ని పెంచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో లాసన్స్‌బే కాలనీ నుంచి సాగర్ నగర్, ఎండాడ, రుషికొండ వరకు సముద్రం కనబడే ఫ్లాట్లు, విల్లాలు ఎలా పెరిగాయో కుక్కలూ అలాగే పెరిగాయి. పొద్దున్నే తెన్నేటి పార్కు వైపు నడిస్తే గోల్డెన్ రిట్రీవర్లు, షిట్జూలు, హస్కీలు, వాటిని కింది నుంచి పైదాకా చూసే మన ఊరకుక్కలు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటే అన్నీ ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

నేను డాక్టర్ని కాను. పదహారేళ్లుగా ఇక్కడ కుక్కల్ని పెంచుతూ, రెండింటిని పోగొట్టుకుని, వెటర్నరీ క్లినిక్కుల బెంచీల మీద కూర్చుని నేర్చుకున్నది ఇది. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి కుక్క బరువు చూసి డాక్టరే చెప్పాలి.

బీచ్‌కి తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. గొలుసు మాత్రం విప్పకండి. మన తీరం చాలాచోట్ల నాలుగడుగులు వేయగానే లోతైపోతుంది, వెనక్కి లాగే కెరటం బలంగా ఉంటుంది. ఈత వచ్చిన మనుషులే కొట్టుకుపోతుంటారు. లాబ్రడార్‌కి ఈత పుట్టుకతో వస్తుందన్న మాట నిజమే కానీ, అది చెరువులో ఈత. బంతిని నీళ్లలోకి విసరడం మానేయండి, తడి ఇసుక మీదే విసరండి.

తెన్నేటి పార్కు కింద రాళ్ల వైపు, అంటే 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా ఒడ్డుకి కొట్టుకొచ్చిన వైపు, రాళ్లకి అంటుకున్న గుల్లలు బ్లేడుల్లా ఉంటాయి. వాటికి తోడు పగిలిన బీరు సీసాలు. ఇంటికి రాగానే నాలుగు పాదాలూ పైకెత్తి మెత్తల మధ్య చూడండి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, శుభ్రమైన బీచ్‌లకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు అది. కుక్కల్ని గట్టిగా అదుపులో ఉంచాలన్నది ఆ గుర్తింపు నియమాల్లో ఒకటి. అక్కడ గార్డులతో వాదన పెట్టుకోకుండా పక్కకి నడిచిపోవడం మేలు.

వలలు లాగే చోట ఏదో నోట్లో వేసుకుంది. ఏం చెయ్యాలి?

ఇది చిన్న విషయం కాదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. జోడుగుళ్లపాలెం, పెదజాలరిపేట వైపు పొద్దున వల ఒడ్డుకి లాగాక అమ్ముడుపోయే చేపలు బుట్టల్లోకి వెళ్తాయి, పనికిరానివి ఇసుక మీద ఉండిపోతాయి. ఆ పనికిరానివాటిలోనే ప్రమాదం ఉంది. తెల్లటి పొట్ట బంతిలా ఉబ్బి, పక్షి ముక్కులాంటి పళ్లతో ఒక చేప కనిపిస్తుంది. అది పఫర్ ఫిష్. కాకులు కూడా దాని దగ్గర ఆచితూచి అడుగేస్తాయి. దాంట్లో ఉండే టెట్రోడోటాక్సిన్ నరాలను స్తంభింపజేస్తుంది. ఉడికించినా ఎండబెట్టినా ఆ విషం పోదు, దానికి విరుగుడు మందు లేదు. తిన్న కుక్కకి నోటి నుంచి చొంగ, వాంతులు, ఆ తర్వాత వెనక కాళ్లలో పట్టు తప్పడం, చివరికి ఊపిరి అందకపోవడం. విషం దిగేదాకా కృత్రిమ శ్వాసతో నిలబెట్టగలిగితే బతికే అవకాశం ఉంది. అందుకే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే బయల్దేరాలి.

అదే వలల్లో సముద్రపు పాములూ వస్తాయి. తెడ్డులా చదునైన తోక ఉంటే అది సముద్రపు పామే. కదలకుండా పడి ఉన్నంత మాత్రాన చచ్చిందనుకోవద్దు. కాటు పెద్దగా నొప్పి పుట్టదు కాబట్టి కుక్క అరవకపోవచ్చు. తర్వాత ఒళ్లు బిగుసుకుపోయి మూత్రం గోధుమరంగులోకి మారుతుంది. మన దేశంలో దొరికే యాంటీ స్నేక్ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకి తయారుచేసింది. సముద్రపు పాము విషం మీద అది పనిచేయదు. ఆ సంగతి తెలియక కొందరు ఇంజెక్షన్ కోసం ఊరంతా తిరిగి సమయం పోగొట్టుకుంటారు. ఆ సమయంలో కుక్కని సెలైన్, ఆక్సిజన్ ఉన్న క్లినిక్కుకి చేర్చాలి.

ఇక గాలాలు. ఎర ముక్కతో సహా గాలం మింగితే నోట్లోంచి వేలాడే దారాన్ని లాగొద్దు, కత్తిరించొద్దు. దారం అలాగే ఉంచి ఎక్స్‌రేకి తీసుకెళ్లండి.

ఒక మాట: ఏం తిన్నా సరే, ఇంట్లో ఉప్పునీళ్లు పట్టి కక్కించే పాత పద్ధతి వద్దు. ఆ ఉప్పే కుక్క మెదడుకి చేటు చేస్తుంది.

సముద్రపు నీళ్లు తాగితే?

రెండు గుటకలకి విరేచనాలతో సరిపోతుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆటలో పడి బంతితో పాటు నీళ్లూ మింగుతూ పోతే వాంతులు, తూలడం, ఫిట్స్ దాకా వెళ్తుంది. పావుగంటకోసారి ఆట ఆపి మంచినీళ్లు పట్టండి. తూలుతుంటే మాత్రం ఇంట్లో నీళ్లు గుమ్మరించి సరిచేయాలని చూడొద్దు. ఉప్పు స్థాయిని నెమ్మదిగా దించాలి, అది సెలైన్‌తో డాక్టర్ చేసే పని.

బీచ్ నుంచి రాగానే స్నానం చేయించాలా?

షాంపూ రోజూ అక్కర్లేదు. మామూలు నీళ్లతో ఉప్పు, ఇసుక పోయేలా కడిగి ఆరబెట్టండి. కడగడం కంటే ఆరబెట్టడం ముఖ్యం. ఇక్కడి గాలిలో తేమకి వేలాడే చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో తడి ఆరదు. అక్కడే ఫంగస్ మొదలవుతుంది. చెవి దగ్గర ముక్కు పెట్టి చూడండి. పులిసిన పిండి వాసన వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. మెడికల్ షాపులో మనుషుల చెవి చుక్కలు అడిగి వేయకండి, కర్ణభేరికి చిల్లు ఉంటే చెవుడు రావచ్చు.

మా కుక్క ఎప్పుడూ ఏసీలోనే ఉంటుంది. దానికి వడదెబ్బ ఎలా తగులుతుంది?

ఏసీలో ఉండే కుక్కకే తొందరగా తగులుతుంది, వేడికి అలవాటు పడదు కదా. పైగా విశాఖ ఎండని థర్మామీటర్‌తో కొలిస్తే మోసపోతాం. రామగుండంలోనో రెంటచింతలలోనో 44 డిగ్రీలుంటే ఇక్కడ 35 అని సంబరపడతాం. కుక్కకి మనలా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పితే, నాలుక మీది తడి ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. గాలిలోనే తేమ నిండిపోయి ఉంటే ఆ తడి ఆవిరి కాదు. ఉతికిన బట్టలు సాయంత్రానికీ ఆరని రోజు మీ కుక్క ఒళ్లూ చల్లబడదని గుర్తు.

పగ్, షిట్జూ, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ముప్పు రెట్టింపు. మార్చి నుంచి జూన్ చివరి దాకా ఉదయం ఆరున్నరలోపు నడక అయిపోవాలి. సాయంత్రమైతే రోడ్డు మీద అరచెయ్యి పెట్టి ఐదు సెకన్లు ఉంచగలిగాకే బయటికి తియ్యండి.

ఆగకుండా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడి, కాళ్లు తడబడుతుంటే ముందు అక్కడే ఒళ్లంతా కుళాయి నీళ్లతో తడిపి ఫ్యాన్ పెట్టండి. కారులో ఏసీ పూర్తిగా పెట్టి అప్పుడు బయల్దేరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. మామూలుగా కుక్క ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 105 దాటితే ప్రాణం మీదికొచ్చినట్టే. చల్లబడ్డాక లేచి తిరిగినా సరే చూపించండి. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే గుణం ఒకటి రెండు రోజుల తర్వాత దెబ్బతిన్న సందర్భాలు ఉంటాయి.

మంచు ప్రాంతాల కుక్క హస్కీని ఇక్కడ కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: వద్దు. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి.

పిడుదుల గురించి ఎందుకంత భయపెడతారు? చేత్తో తీసేస్తే పోతాయి కదా?

మా బంటి ఒక ఏప్రిల్‌లో రెండు రోజులు అన్నం సగం వదిలేశాడు. ఎండకి ఆకలి లేదనుకున్నాను. మూడో రోజు పొద్దున వాడి నీళ్ల గిన్నెలో గులాబీరంగు కనిపించింది. వంగి చూస్తే ఒక ముక్కులోంచి రక్తం, బొట్టుబొట్టుగా. పరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు అడుగంటిపోయాయి. ఎర్లీకియా, మనమంతా టిక్ ఫీవర్ అనేదే. అంతకు వారం ముందు మేం వెళ్లిన ఒక క్లినిక్కులో రక్తం తీయకుండానే జ్వరం తగ్గే ఇంజెక్షన్ చేసి పంపేశారు. తప్పంతా వాళ్లదే అననులే. వాడి చెవి మడతలో నాలుగు పిడుదులు పీకి పారేసిన సంగతి నేనూ వాళ్లకి చెప్పలేదు.

మన దగ్గర కుక్కలకి పట్టే గోధుమరంగు పిడుదు (గోమారి అని కూడా అంటారు) ఇళ్లలోనే బతకగలదు. కడుపు నిండిన ఆడ పిడుదు కుక్క మీద నుంచి దిగి గోడ పగుళ్లలో, తలుపు చట్రం వెనక, సోఫా కుట్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే పైఅంతస్తు ఫ్లాట్లలోనూ పిడుదులుంటాయి, లిఫ్టు ఎక్కి రానక్కర్లేదు. కుట్టిన కొన్ని గంటల్లోనే ఎర్లీకియా క్రిమి రక్తంలోకి చేరొచ్చు. సాయంత్రం చేత్తో తీశాం కదా అన్న ధీమా పనికిరాదు.

ఎర్లీకియాకి డాక్సీసైక్లిన్ సాధారణంగా నాలుగు వారాలు వాడతారు. ఐదో రోజుకే కుక్క తోకాడిస్తుంది, చాలామంది అక్కడే మందు ఆపేస్తారు. అలా ఆపితే క్రిమి లోపల దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జని దెబ్బతీస్తుంది. ఇంకోటి బెబీసియా. ఇది ఎర్ర రక్తకణాలని పగలగొడుతుంది: చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది. దీని మందులు వేరు. రెండూ కలిసి రావడం మామూలే కాబట్టి కిట్ టెస్టులో ఒకటి తేలిందని ఆగకుండా రక్తపు స్మియర్ (గాజు పలక మీద రక్తం పరిచి మైక్రోస్కోపులో చూడటం) కూడా చూడమని అడగండి.

ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ బాగా పడిపోతే రక్తం ఎక్కించాలి. కుక్కలకీ బ్లడ్ గ్రూపులున్నాయి. మొదటిసారి ఎక్కించేటప్పుడు సాధారణంగా తీవ్రమైన రియాక్షన్ రాదు, రెండోసారి నుంచి క్రాస్ మ్యాచ్, అంటే రెండు కుక్కల రక్తాలు ఒకదానికొకటి సరిపడతాయో లేదో చూడటం, తప్పనిసరి. టీకాలన్నీ పడ్డ, 25 కిలోలు దాటిన ఆరోగ్యమైన కుక్క ఇవ్వగలదు. మీ లాబ్రడార్ అలాంటిదైతే గ్రూపులో పేరు రాయించండి. ఆ రాత్రి బంటికి రక్తమిచ్చింది నాలుగో అంతస్తు రాకీ. వాళ్ల ఇంటావిడకి అప్పటిదాకా మాకూ మాటల్లేవు.

పిడుదులకి మాత్ర మంచిదా, మెడ పట్టీ మంచిదా, స్ప్రే మంచిదా?

సముద్రంలో తడిసే కుక్కకి నోటి మాత్రే నయం, నీళ్లకి కొట్టుకుపోదు. నెక్స్‌గార్డ్, సింపారికా లాంటివి నెలకోసారి, బ్రావెక్టో పన్నెండు వారాలకోసారి. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కయితే ఆ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పండి. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ మందు పిల్లులకి విషం. రెండూ ఉన్న ఇల్లయితే అట్ట మీద చిన్న అక్షరాలు చదవాలి. కోలీ జాతి కుక్కలకి ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ప్రాణాంతకం కావచ్చు.

మాత్ర వేశాం కదా అని ఇంటిని వదిలేయకండి. పరుపులు ఎండలో వెయ్యాలి, పగుళ్లు సిమెంటుతో పూడ్పించాలి.

ఏ టీకాలు ఎప్పుడు?

ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులకి కలిపి వేసే టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాల వయసు దాకా ఇప్పించాలి. రేబీస్ మూడు నెలలు నిండాక, ఆ తర్వాత ఏటా. వరస పూర్తయ్యేదాకా కూనని నేల మీద నడిపించొద్దు. చంకనేసుకుని బీచ్ చూపించండి, అదేం తప్పు కాదు.

లెప్టోస్పైరా టీకా మరిచిపోవద్దు. ఎలుకల మూత్రం కలిసిన వాననీటి నుంచి వచ్చే జబ్బు ఇది, కామెర్లు, కిడ్నీ దెబ్బ. కుక్క నుంచి మనకీ అంటుకుంటుంది. విల్లాల సెల్లార్లలో నీళ్లు నిలిచే వానాకాలంలో దీని బెడద ఎక్కువ.

వీధికుక్క మా కుక్కని కరిచింది. ఏటా రేబీస్ టీకా వేయిస్తున్నాం, ఇంకా అవసరమా?

అవసరమే. ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూస్తూ కడిగితే తెలుస్తుంది అది ఎంతసేపో. చేతికి గ్లౌజులు వేసుకోండి. పసుపు, కారం, సున్నం ఏవీ పెట్టొద్దు. ఆ రోజే డాక్టర్‌కి చూపించి బూస్టర్లు ఏ తేదీల్లో వేయాలో రాయించుకోండి. కడిగేటప్పుడు మీ చేతికి గీత పడినా, మీ కుక్కే కంగారులో మిమ్మల్ని కరిచినా మీరూ టీకా వేయించుకోవాలి. రేబీస్ లక్షణాలు కనిపించాక మనిషికైనా కుక్కకైనా వైద్యం లేదు.

రాత్రి రెండింటికి ఏదైనా అయితే ఎక్కడికి పోవాలి?

రాత్రి రెండింటికి కాదు, ఈ ఆదివారం మధ్యాహ్నం తేల్చుకోవాల్సిన సంగతి ఇది. ఇక్కడ కోటిన్నర ఫ్లాటు కొని, కుక్క మంచానికి పదివేలు పెట్టేవాళ్లు కూడా రాత్రి డాక్టర్ ఎత్తే నంబరు ఒక్కటీ రాసిపెట్టుకోరు. మీ దగ్గరి క్లినిక్కులు మూడింటికి ఫోన్ చేసి ఇవి అడగండి: రాత్రి నిజంగా ఎవరైనా ఉంటారా, ఆక్సిజన్ ఉందా, ఎక్స్‌రే ఉందా, ఆపరేషన్ చేస్తారా. జవాబులు ఫ్రిజ్ మీద అంటించండి. 1962కి చేస్తే వచ్చే ప్రభుత్వ సంచార పశువైద్య వాహనం ముఖ్యంగా పల్లెల్లో పశువుల కోసం. అర్ధరాత్రి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. విజయనగరం జిల్లా గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది కానీ అది అత్యవసరానికి అందే దూరం కాదు.

అసలు తెల్లారేదాకా ఆగకూడనివి ఏవో తెలియాలి. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతు ఛాతీ కుక్క తిన్నాక వాంతి వస్తున్నట్టు ఊగుతూ ఏమీ కక్కలేక, పొట్ట మద్దెలలా బిగిస్తే కడుపు మెలిపడిందని అర్థం. గంటల్లో ఆపరేషన్ జరగాలి. మూత్రం పూర్తిగా ఆగడం, ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్, చిగుళ్లు తెల్లబడటం కూడా అంతే. నొప్పిలో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. చున్నీతో మూతి చుట్టూ ఒక చుట్టు వేసి చెవుల వెనక ముడి వేయండి, ఊపిరి ఆడనప్పుడు, వాంతి చేసుకుంటున్నప్పుడు తప్ప.

ఇంట్లో, తోటలో ఏవి విషం?

జ్వరమొచ్చిందని డోలో వేసేవాళ్లు ఇంకా ఉన్నారు. పారాసెటమాల్, బ్రూఫెన్, డైక్లోఫెనాక్ మన ఇష్టప్రకారం వేయకూడదు. పాయసంలో కిస్‌మిస్ కిడ్నీలని పాడుచేయగలదు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర ఎర్ర రక్తకణాలకి చేటు. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో తీపికోసం వేసే జైలిటాల్ ఉంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. బీరువాలో కలరా ఉండలు, ఎలకల మందు సంగతి చెప్పక్కర్లేదు. వేసవిలో మామిడి టెంక పేగుకి అడ్డం పడుతుంది. బిర్యానీ ఎముకలూ అంతే.

విల్లాల గేటు పక్కన అందంగా పెంచే సైకస్ మొక్క చూశారా, చిన్న ఈతచెట్టులా ఉంటుంది? దాని ప్రతి భాగమూ కుక్క లివర్‌కి విషమే, గింజలు మరీను. గన్నేరు గుండెని ఆపుతుంది. కూనలున్న ఇంట్లో ఈ రెండూ పీకించేయండి, నర్సరీవాడు ఏమన్నా సరే.

పెరుగన్నం పెడితే చాలదా?

కడుపు బాగోలేని రోజున అదే మంచి పథ్యం. రోజూ అదే పెడితే మాంసకృత్తులు చాలవు. ఇంటి తిండే పెట్టాలనుకుంటే ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కాస్త అన్నం, గుమ్మడికాయ లాంటివి కలిపి, కాల్షియం ఎంత వేయాలో డాక్టర్‌ని అడగండి. ఎండుచేపలు మాత్రం ఉప్పు ముద్దలే.

ఫ్లాట్‌లో ఏం జాగ్రత్తలు?

లిఫ్టు. కుక్క బయట, గొలుసు చివర మీ చేతిలో, తలుపు మూసుకుపోయింది. తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కాబట్టి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గొలుసు పొట్టిగా పట్టుకోవాలి, ఫోన్ జేబులో ఉండాలి. సముద్రం కనబడాలని పెట్టే గాజు రెయిలింగు కింద సందు ఎంతుందో కొలవండి, కూన తల పడితే ఒళ్లూ పడుతుంది. స్విమ్మింగ్ పూల్‌లో పడ్డ కుక్క ఈదగలదు, ఎక్కి రాలేదు. మెట్లు ఎటున్నాయో ముందే నేర్పండి.

దీపావళికి, నేవీ విన్యాసాలకి వణికిపోతుంది.

మనది తూర్పు నౌకాదళం ఊరు. దీపావళి ఏడాదికోసారే కానీ ఇక్కడ సముద్రం మీది విన్యాసాలకి హెలికాప్టర్లు, యుద్ధవిమానాలు మిద్దెల మీంచి పోతాయి. ముందురోజు పేపర్‌లో ట్రాఫిక్ ఆంక్షలు వేస్తారు, అదే మీకు హెచ్చరిక. లోపలి గదిలో కర్టెన్లు వేసి, ఫ్యాన్, టీవీ పెట్టి, పక్కన కూర్చోండి. దగ్గరికి తీస్తే భయం అలవాటవుతుందనేది ఉత్త మాట. మరీ వణికే కుక్కకి ముందే వేసే మాత్రలున్నాయి, వారం ముందు డాక్టర్‌ని అడగాలి. కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఆ రాత్రుల్లోనే. మెడపట్టీకి ఫోన్ నంబరు, వీలైతే మైక్రోచిప్.

తుఫానుకి ఎలా సిద్ధపడాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మేం ఐదో అంతస్తులో ఉన్నాం. కరెంటు రోజుల తరబడి లేదు, లిఫ్టు లేదు, నీళ్లు లేవు. మా ముసలి లాబ్రడార్‌కి నడుము పట్టేసి మెట్లు దిగలేడు. నేనూ మా అబ్బాయీ దుప్పటిని ఉయ్యాలలా పట్టుకుని రోజుకి రెండుసార్లు మోశాం. కింద చూస్తే చెట్లన్నీ పడిపోయి, కాలు ఎత్తడానికి వాడికి అలవాటైన చెట్టు ఏదీ మిగల్లేదు. పాపం, చాలాసేపు తిరిగాడు.

అప్పటి నుంచి అక్టోబరు రాకముందే రెండు వారాల తిండి, వాడే మందులు, బకెట్లలో మంచినీళ్లు, టీకా పుస్తకం ప్లాస్టిక్ కవర్‌లో, మూడు రోజులు పాత పేపర్ల మీద కానిచ్చే అలవాటు సిద్ధంగా ఉంచుతాను. తుఫాను వెళ్లాక అసలు పని మొదలవుతుంది: విరిగిన గాజు, తెగిన తీగలు, గూడు చెదిరి ఇళ్లలోకొచ్చే పాములు, నిలిచిన నీళ్లలో లెప్టో.

అసోసియేషన్ వాళ్లు కుక్క వద్దంటున్నారు. వీధికుక్కలకి అన్నం పెట్టొద్దంటున్నారు.

మొదటిదానికి వాళ్లకి అధికారం లేదు. భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ ఓటుతోనైనా పెంపుడు కుక్కల్ని నిషేధించలేరు. దానికి మీ వంతుగా జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) లైసెన్సు, టీకా పుస్తకం చూపించండి, కుక్క చేసింది సంచిలో ఎత్తండి. సగం గొడవలు అక్కడే తీరతాయి.

రెండోది మారుతున్న వ్యవహారం. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనలు వీధికుక్కలకి ఆపరేషన్, టీకా చేసి అక్కడే వదలమన్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబీస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని అలాగే వదలమంది, అన్నం మాత్రం నడివీధిలో కాకుండా కేటాయించిన చోట పెట్టమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తొలగించమంది. మీ బ్లాకులో ఒక మూల ఖాయం చేయించుకోండి, పిల్లలు ఆడుకునే వైపు కాకుండా. తిన్నాక గిన్నె తీసెయ్యండి.

జనవరిలో బీచ్ మీద కంచె వేసి కుక్కల్ని రానివ్వరెందుకు?

ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ నెలల్లో రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో వందకి పైగా గుడ్లు పెట్టి వెళ్తాయి. అటవీశాఖ వాటిని సేకరించి కంచెల్లో పొదిగిస్తుంది. కుక్క ముక్కుకి ఆ గుంత దొరికితే రెండు నిమిషాల పని. 1972 వన్యప్రాణి చట్టం కింద అత్యధిక రక్షణ ఉన్న జీవి అది. రాత్రి నడక రోడ్డు మీదే పెట్టుకోండి.

అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి కుక్కని పంపాలి.

ఆరేడు నెలల ముందు మొదలుపెట్టండి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ నిబంధనలు మారాయి, ఇండియా రేబీస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది. కుక్కకి ఆరు నెలలు నిండాలి. ముందు మైక్రోచిప్, దాని తర్వాతే రేబీస్ టీకా. వరస తప్పితే టీకా లెక్కలోకి రాదు. మొదటి టీకా అయిన కనీసం 30 రోజులకి రక్తం తీసి టైటర్ పరీక్షకి (టీకా పనిచేసిందో లేదో చూసేది) గుర్తింపు పొందిన ల్యాబ్‌కి పంపాలి, ప్రయాణానికి అది కనీసం 28 రోజుల ముందై ఉండాలి. టైటర్ లేకపోతే అక్కడ 28 రోజుల క్వారంటైన్. దిగే విమానాశ్రయం కూడా సీడీసీ గుర్తించిన కేంద్రం ఉన్నదే కావాలి. పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటిని చాలా విమానాలు ఎక్కించుకోవు.

మాకు టైమ్ లేదు, డాగ్ వాకర్‌ని పెట్టుకున్నాం. పర్లేదా?

పర్లేదు. కానీ కుక్క ఏం తింది, ఎలా నడిచింది, విరేచనం ఎలా అయింది అన్నవి రోజూ అతన్ని అడగండి. జబ్బు మొదట కనిపించేది అతనికే, మనం అడిగితే తప్ప చెప్పాలని అతనికి తోచదు. రాత్రి పడుకునే ముందు మీరే ఐదు నిమిషాలు చెవుల మడతలు, వేళ్ల సందులు, చంకలు, తోక కింద వేళ్లతో తడిమి చూడండి. పెదవి పైకెత్తి చిగుళ్ల రంగు చూడండి.

మా వాకర్ కుర్రాడికి నేను ఒక్కసారి చెప్పాను, తేడాగా ఉంటే ఫొటో తీసి పంపమని. ఇప్పుడు తేడా లేకపోయినా రోజూ పంపిస్తున్నాడు. మా మనవరాలు నా ఫోన్‌లో తన పుట్టినరోజు ఫొటోలు వెతుక్కుంటూ కిందికి జరుపుతుంటే ఎదురుగా కూర్చుని నేను పడే టెన్షన్ నాకే తెలుసు.